దుముకుచీమకు పేరు పెట్టిన వైద్యుడు

శివునాజ్ఞ లేనిదే చీమయైనను కుట్టదని మన పెద్దలందురు. కుట్టిన తరువాత ఆ చీమ యే జాతిదని విచారించువారు మాత్రము మనలో అరుదు. ఎఱ్ఱచీమ, నల్లచీమ, గండుచీమ, చలిచీమ అను నాలుగైదు పేర్లతోనే మనకు సంసారము గడచిపోవును. వంటయింటి గోడవెంట బారుగా పోవునదియు చీమయే. మామిడికొమ్మపై ఆకులు కలిపి గూడు కట్టుకొని కాపురముండునదియు చీమయే. వానిలో ఒక్కొక్క దానిని పట్టి, నడుమునందలి కణుపులు లెక్కించి, దవడల పండ్లు పరీక్షించి, అదివఱకు ఏ పుస్తకమునందును లేని వానికి పేర్లు పెట్టి, నూటడెబ్బది సంవత్సరములు దాటినను ఆ పేర్లు నిలుచునట్లు వర్ణించిన యొక వైద్యుని చరిత్రము నిచ్చట వ్రాయుచున్నాను. ఆయన పేరు థామస్ కావర్‌హిల్ జెర్డన్. పక్షిశాస్త్రము చదువువారందఱును ఆయన నెఱుగుదురు. చీమల సంగతి యెఱిగినవారు తక్కువ. ఆయన భారతదేశమున మొట్టమొదట కొలువు చేసినది మన గంజాం సీమయందే యగుటచేత ఆ కథ మనకు మఱింత దగ్గఱిది.

జెర్డన్ 1811వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండులోని డర్హాము నగర సమీపమున జన్మించెను. ఆయన వంశము స్కాట్లండు సరిహద్దు సీమకు చెందినది. చదువు ఎడింబరో విశ్వవిద్యాలయమున సాగినది. ఆ దినములలో మందులలో అధికభాగము మొక్కలనుండియే వచ్చుచుండెను గనుక వైద్యవిద్యార్థికి వృక్షశాస్త్రము తప్పనిసరి. జంతువులను, శిలలను గుఱించిన ఉపన్యాసములు గూడ అచ్చట జరుగుచుండెను. చార్లెస్ డార్విను అదే విశ్వవిద్యాలయమున వైద్యము సగములో విడిచి 1827లో వెడలిపోయెను. కొద్దికాలమునకే అక్కడ చేరిన జెర్డన్ వైద్యమును విడువలేదు, ప్రకృతిశాస్త్రమును విడువలేదు. ఒకటి పొట్టకూటికి, రెండవది మనస్సునకు అన్నట్లు జీవితాంతము రెంటిని మోసెను.

ఈస్టిండియా కంపెనీవారి కొలువున సహాయవైద్యుడుగా నియుక్తుడై 1836 ఫిబ్రవరిలో మద్రాసు తీరమున దిగెను. దిగిన కొలదికాలమునకే గంజాం పంపబడెను. అప్పుడు గంజాం మద్రాసు రాజధానిలోనిది. ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినది సరిగా నూఱేండ్ల తరువాత, 1936 ఏప్రిలులో. గుమ్సూరు కొండలలో కంపెనీ సేనలు యుద్ధము చేయుచుండెను. జ్వరము, రక్తవిరేచనములు ఆ దండును పట్టి పీడించుచుండెను. ఇరువదియైదేండ్లు నిండని యువవైద్యునికి ఆ రోగుల భారము పైబడినది. జ్వరమునకు కారణము దోమయని లోకమునకు తెలియుటకు ఇంకను అఱువదియేండ్ల దూరమున్నది. అట్టి తావున, తూర్పుకనుమల అడవులలో, తీఱిక చిక్కినప్పుడెల్ల ఆయన పక్షులను పరిశీలింప మొదలుపెట్టెను.

1837లో ఆయనను రెండవ అశ్వికదళమునకు మార్చిరి. ఆ దళముతో దక్కనులోని జాల్నాయందు కొన్నియేండ్లు గడపెను. ఇప్పుడది మహారాష్ట్రములోని పట్టణము. ఆయన జీవితమును మలుపు త్రిప్పిన యొక నష్టము ఈ కాలముననే సంభవించెను. భారతదేశపు పక్షులను గుఱించి అప్పటికి వెలువడిన పుస్తకములు కొద్ది. ఉన్నవియు దూరదేశములందలి గ్రంథాలయములలో నుండెను. కనుక తాను సేకరించిన పక్షుల చర్మములను పెట్టెలలో సర్ది, స్కాట్లండులోని సర్ విలియం జార్డిన్ అను ప్రసిద్ధ పండితునకు పంపెను. ఏ పక్షి యేదియో ఆయన నిర్ణయించి తెలుపునని జెర్డన్ ఆశ. అప్పటికి సూయజు కాలువ లేదు. ఓడ ఆఫ్రికాఖండమును చుట్టి పోవలెను. నెలల తరబడి సాగిన ఆ ప్రయాణము ముగిసి పెట్టెలు చేరునప్పటికి చర్మములను చిమ్మెటలు పట్టినవి. పక్షులు పోయినవి, ఎదురుచూచిన తీర్పు రాలేదు.

ఇంకొకరైనచో ఆ పని నంతటితో మానియుందురు. జెర్డన్ మానలేదు. నాటినుండి పరాయివారి తీర్పుకొఱకు కనిపెట్టుకొనియుండక తన కన్నులతో చూచినదానిని తానే నిర్ణయించుటకు అలవాటుపడెను. 1839లో ఆరంభించి దక్షిణ భారతదేశపు పక్షుల పట్టికను మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో ప్రకటించెను. అందు 420 జాతులుండెను. దక్కను పక్షులనుగూర్చి కర్నల్ సైక్స్ అదివఱకు ప్రకటించిన పట్టికకు అది దాదాపు రెట్టింపు. నష్టపడిన సరకు తిరిగి రాలేదుగాని, సరకు పోయినను మిగులునట్లు వ్రాయవలెనను బుద్ధి అప్పుడే ఆయనకు కుదిరినదని నా యూహ. చీమల విషయమున ఆ బుద్ధి యెంత యక్కఱకు వచ్చినదో ముందు చూడగలరు.

1841లో ఉదకమండలమున ఫ్లోరా అను యువతిని వివాహమాడెను. ఆమెకు పూలమొక్కలయందు ఆసక్తి మెండు. పిమ్మట ఆయన నెల్లూరికి సివిలు సర్జనుగా వచ్చెను. తెలుగువారికి ముఖ్యమైన ఘట్టమిదియే. నెల్లూరు సీమ యడవులలో యానాదులు కలరు. ఏ పొదలో ఏ పిట్ట గ్రుడ్లు పెట్టునో, ఏ కూత యే ఋతువునందు వినవచ్చునో వారెఱిగినంతగా ఏ పండితుడు నెఱుగడు. జెర్డన్ వారితో కలసిమెలసి తిరిగి పక్షుల పేర్లను, జంతువుల నడవడిని అడిగి తెలిసికొనుచుండెను. తరువాత కలకత్తాలో అచ్చయిన తన మహాగ్రంథమున పలు పక్షులకు ఇంగ్లీషు, లాటిను పేర్లతోపాటు తెలుగు పేర్లను గూడ చేర్చెను. పక్షుల పేర్లు అచ్చయినవి. ఆ పేర్లు చెప్పినవారి పేర్లు మాత్రము మనకు చేరలేదు. ఇది ఆ కాలపు పద్ధతియే కావచ్చును, అయినను వెలితి వెలితియే.

ఆ తెలుగు పేర్లలో నొకటి వింతయైనది. నెల్లూరు, కడప సీమల మధ్యనున్న కొండల ప్రాంతమున ఆయనకు ఱొమ్మున రెండు పట్టెలుగల యొక నేలపక్షి దొరకినది. 1848లో కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ దానిని శాస్త్రరీత్యా వర్ణించెను. దాని తెలుగు పేరు అడవి ఉత్తతిత్తి యని జెర్డన్ వ్రాసెను. ఆ పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడక, నశించినదనియే అందఱును భావించుచుండగా, 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు కడపజిల్లా లంకమల యడవులలో మరల కనుగొనిరి. అప్పుడును స్థానికుల తెలివియే దారిచూపినది. పొదలలో తిరుగు ఆ పక్షిని అక్కడివారు కలివికోడి యందురు. ఇంగ్లీషులో దానికి జెర్డన్ పేరే యున్నది.

ఇక చీమల సంగతి. 1840 దశాబ్ది చివరిభాగమున ఆయనకు మలబారు తీరమందలి తెల్లిచెఱ్ఱి పట్టణమునకు బదిలీయైనది. సంవత్సరమున నాలుగు నెలలు ఎడతెగక వాన కురియు ఆ సీమలో పచ్చదనమునకు లోటులేదు. పురుగుపుట్రలకు అంతకంటెను లోటులేదు. వాన పడుచుండగా పక్షుల వెంట తిరుగుట కష్టము. చీమలు మాత్రము వాకిటికే వచ్చును. జెర్డన్ చేతికందిన చీమనెల్ల చూచెను. మలబారులో చూచినవానిని, అంతకుముందు కర్ణాటక మైదానములందు చూచినవానిని కలిపి దక్షిణ భారతదేశపు చీమల పట్టికయను వ్యాసమును 1851లో అదే మద్రాసు పత్రికయందు ప్రకటించెను. ఇరువదియైదు పుటలది. మన దేశపు చీమలను ఇక్కడనే నివసించి, బ్రతికియున్నప్పుడు చూచి, ఇక్కడనే ముద్రించిన తొలి గొప్ప రచన యదియని చెప్పవచ్చును. 1854లో లండనులోని యొక శాస్త్రపత్రిక దానిని మరల ముద్రించెను.

చీమను గుర్తించుట యెట్లో కొంచెము చెప్పవలెను. లేనిచో ఆయన పడిన శ్రమ తెలియదు. చీమ దేహమున తల, ఱొమ్ము, నడుము, పొట్ట స్పష్టముగా వేఱుపడియుండును. నడుమునందు కణుపు వంటి బుడిపె కొన్నింటికి ఒకటి, కొన్నింటికి రెండు. ఈ యొక్క భేదముతోనే చీమల లోకము రెండు పెద్ద పాయలుగా చీలును. తలమీది మీసములు మోచేతివలె వంగియుండును; వానిలో ఎన్ని ముక్కలున్నవో లెక్కింపవలెను. దవడలు కుఱుచవియా, పొడుగువియా? పండ్లెన్ని? ఱొమ్ముపై ముండ్లున్నవా? కొండి యున్నదా? ఇవన్నియు బియ్యపుగింజకన్న చిన్నదైన దేహమున భూతద్దముతో చూడవలసినవి.

దీనికితోడు ఇంకొక చిక్కు గలదు. ఒకే గూటిలో రాణి, మగచీమ, పనిచీమ మూడును మూడు రూపములతో నుండును. పనిచీమలలోనే చిన్నవి పెద్దవి యుండవచ్చును. జెర్డన్ వర్ణించిన జాతులలో నొకదానియందు ఈ భేదము మితిమీఱినది. అందలి పెద్దచీమ తల చిన్నచీమ తలకు పదిరెట్ల వెడల్పు. ఎండిన దేహముల తూకము చూచినచో ఐదువందల రెట్లు. రెండును వేఱువేఱుగా దొరకినచో ఏనుగును ఎలుకను ఒక జాతి యనువారుండరు గదా! జెర్డన్ వానిని ఒకే సంసారముగా గుర్తించి, విభిన్నమైనదను నర్థము వచ్చునట్లు డైవర్సా అని పేరు పెట్టెను. బారులు తీర్చి వేటకు బయలుదేరు నల్లని చీమకు ఊరేగింపు నర్థమునిచ్చు ప్రొసెషనాలిస్ అను పేరు నిచ్చెను. ఎఱుపు నలుపు కలసిన దేహముతో చెట్లమొదళ్లపై ఒంటరిగా తిరుగుచు, తాకినవానిని కన్నీరు వచ్చునట్లు కుట్టు చీమకు ఆ రెండు రంగులను కలిపి రూఫోనైగ్రా అని పెట్టెను. ఈ చివరిదానిని చెట్లెక్కు బాలురు చాలమంది ఎఱిగియుందురు, చేతితో గాకున్నను కంటితోనైన.

పేర్లు పెట్టుటతో ఆయన తృప్తిపడలేదు. గింజలు ప్రోగుచేయు చీమల విషయము చూడుడు. చీమ ధాన్యము కూడబెట్టునను మాట లోకమున ప్రాచీనమైనది. అయితే చలిదేశములందలి ఐరోపా పండితులు తమ చీమలలో ఆ యలవాటు కానరాక, అది కవుల కల్పనయని త్రోసిపుచ్చుచుండిరి. చాటలోని నూకలు చీమలబారుగా నడచిపోవుట చూచిన మన యిల్లాండ్ర నడిగినచో సంశయము నాడే తీఱియుండును! కర్నల్ సైక్స్ పూనాలో అట్టి చీమలను చూచి వ్రాసెను. జెర్డన్ తన యనుభవమును చేర్చెను. తోటలో నాటుటకు తెప్పించిన కూరగాయల విత్తులను కుండీలలో చల్లినచో, ఆ కుండీలను వ్రేలాడగట్టకున్న ఒక్కరాత్రిలో చీమలు సర్వమును ఎత్తుకొనిపోవుచుండెను. ఆయన గదిలో దాచిన విత్తనపు పొట్లములు సైతము ఆయనకు తెలియకమునుపే ఖాళీయైనవి. వానకాలము చివర అవి గింజలను బయటికి తెచ్చి పెట్టుటయు గమనించెను. ఆ గింజలను చీమలు తినునా, పిల్లలకు పెట్టునా యన్నది తాను చూడలేదు గనుక తెలియదనియే వ్రాసెను. తెలియనిదానిని తెలియదని వ్రాయుట విత్తులు పోగొట్టుకొన్నవానికి అంత సులభము కాదు. ఫ్రాన్సు దక్షిణభాగమున మాగ్రిడ్జి అను పరిశోధకుడు చీమల గాదెలను త్రవ్వి చూచి 1873లో ఈ వివాదమును తీర్చినపుడు జెర్డన్ వ్రాతను సాక్ష్యముగా చేకొనెను.

ఆ పట్టికలోని మాణిక్యము మాత్రము దుముకుచీమయే. ఇది బెల్లమునకు చీమలు ముసురుకొన్నట్లు మూగు జాతి కాదు. వంటయింటికి రాదు; బారు కట్టదు. పగటివేళ ఒంటరిగా ఆకులలో తిరుగుచు, బ్రతికియున్న పురుగులను వేటాడును. గూటిలో సంసారము చిన్నది. తెలిసి వెదకినవారికే తప్ప కంటబడుట అరుదు. ఒడలు సుమారు సెంటిమీటరున్నర పొడుగు. తల, ఱొమ్ము తుప్పురంగు; పొట్ట నలుపు; కాళ్లు పసుపుపచ్చ. తల ప్రక్కల పెద్ద కన్నులు. దవడలు తలకు ముందు పొడుగుగా సాగి, కొనలు మీదికి వంగి, పండ్లుగల పట్టుకారువలె నుండును. ఇన్నింటికి మించిన వింత, అది దుముకును. నడిమి కాళ్లను, వెనుక కాళ్లను ఒక్కసారిగా నేలపై తన్ని తన పొడవునకు ఎన్నోరెట్ల దూరము ఎగురును. బెదరినపుడు అట్లు దుముకుటను జెర్డన్ చూచి వ్రాసెను. గూడు మొక్కల వేళ్ల దగ్గఱ నేలలో నుండుననియు, అది కఱచుటయు కుట్టుటయు తీవ్రమనియు తెలిపెను. కుట్టిన సంగతి ఆయనకు పుస్తకమునుండి తెలిసినది కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

దీనిని ఏ ప్రజాతిలో చేర్చవలెను? ఆయన దగ్గఱనున్న ఐరోపా గ్రంథములు కొద్ది. వానిలో చెప్పబడిన ప్రజాతులు పదుల సంఖ్యకు మించవు. మిగిలిన చీమలను ఆయన ఆ గదులలోనే ఇఱికించెను. ఎఱుపునలుపు చెట్టుచీమను ఎసిటన్ ప్రజాతిలో చేర్చెను. అది అమెరికాఖండపు దండుచీమల ప్రజాతి. డైవర్సాను ఆకులు కత్తిరించు అమెరికా చీమలతో చేర్చెను. రెండును పొరపాట్లే. కాని దుముకుచీమను ఆ గదులలో దేనియందును పెట్టుటకు ఆయనకు చేతులాడలేదు. దానికొఱకు క్రొత్త ప్రజాతినే కల్పించి హార్పెగ్నేథస్ అనెను. గ్రీకుభాషలో కొడవలిదవడ యని యర్థము. జాతికి లాటినున దుముకునది యను నర్థముగల సాల్టేటర్ అను పేరు నిచ్చెను. చూచినవానికి మొదట కనబడునది దవడ, వెంటనే తెలియునది దుముకుడు. ఆ రెండును పేరులోనే యిమిడిపోయినవి.

విద్యార్థులు ఇచ్చట ఒక సంప్రదాయమును గమనింపవలెను. జంతుజాతి పేరునకు పిమ్మట దానిని మొదట వర్ణించినవాని పేరును, సంవత్సరమును వ్రాయుదురు. తరువాతివారు ఆ జాతిని ఇంకొక ప్రజాతికి మార్చినచో వర్ణించినవాని పేరును కుండలీకరణములలో నుంచుదురు. అనగా, జాతిని గుర్తించిన కీర్తి యాతనిదే, గది మాత్రము మాఱినదని యర్థము. ఎఱుపునలుపు చెట్టుచీమ ఇప్పుడు టెట్రాపొనెరా ప్రజాతిలో నున్నది. జెర్డన్ పేరు కుండలీకరణములలో నున్నది. డైవర్సాదియు, ఊరేగింపుచీమదియు అదే స్థితి. దుముకుచీమకు మాత్రము కుండలీకరణములు లేవు. 1858లో లండను బ్రిటిషు మ్యూజియమునందలి ఫ్రెడరిక్ స్మిత్ అదే ప్రజాతికి డ్రెపనోగ్నేథస్ అని మఱియొక పేరు పెట్టెను. దాని యర్థమును కొడవలిదవడయే! పలువురు కొంతకాలము ఆ పేరు వాడిరి. కాని ముందు ప్రకటించినవాని పేరే చెల్లవలెనను న్యాయముచేత చివరకు జెర్డన్ పెట్టిన పేరే స్థిరపడినది.

ఆ న్యాయమే ఒకతఱి ఆయనకు ఎదురు తిరిగినది. పొడుగుకాళ్ల పసుపుచీమ నొకదానిని ఆయన బాగుగా వర్ణించి లాంజిపెస్, అనగా పొడుగుకాళ్లది యని పేరు పెట్టెను. ఆ పేరును ఫ్రాన్సుదేశపు లాత్రెయ్ అంతకు అర్ధశతాబ్ది ముందే, 1802లో, వేఱొక చీమకు పెట్టియుండెను. అందుచేత జెర్డన్ పెట్టినది చెల్లలేదు. 1857లో స్మిత్ పెట్టిన గ్రాసిలిపెస్ అను పేరుతోనే నేడు ఆ చీమ చలామణియగుచున్నది. ఓడల సరకులతో ఉష్ణదేశములన్నింటికి వ్యాపించి, హిందూమహాసముద్రమందలి క్రిస్మసు దీవిలో ఎఱ్ఱపీతలను కోట్లకొలది చంపి, లోకమున అపకీర్తి పొందిన చీమ యదియే. పుస్తకము దొరకకపోవుట యెంత నష్టమో దీనివలన తెలియుచున్నది.

అంతకన్న పెద్దనష్టము ఇంకొకటి కలదు. ఒక జాతిని వర్ణించినపుడు, ఏ చీమను చూచి వర్ణించిరో ఆ చీమనే సూదికి గ్రుచ్చి భద్రపఱచుట శాస్త్రజ్ఞుల పద్ధతి. సంశయము వచ్చినపుడు దానినే మరల చూతురు. జెర్డన్ వర్ణించిన చీమలు నేడు ఏ మ్యూజియమునందును ఉన్నట్లు తెలియదు. జాల్నాలో సర్దిన పక్షుల గతియే వానికిని పట్టినదనుకొనవలెను. మిగిలినది కాగితముమీది వ్రాత యొక్కటే. ఆ వ్రాత స్పష్టముగా నున్నచోట చీమ నిలిచినది. దుముకుచీమను, ఊరేగింపుచీమను, రంగుల చెట్టుచీమను తరువాతివారు ఆ మాటలను చదివియే గుర్తుపట్టిరి. వ్రాత పలుచబడినచోట పేరు మాత్రమే మిగిలి, అది యే చీమదో తేల్చలేకపోయిరి. సొంతదారులు లేని అట్టి పేర్లు ఆయన పట్టికలో కొన్ని నేటికిని గలవు. రంగు చెప్పి నడుము సంగతి విడిచినను, పొడుగు చెప్పి ముండ్లు విడిచినను ఫలమింతే.

చీమల వ్యాసము తరువాతి జీవితము పక్షులది. 1852లో మధ్యభారతమందలి సాగరుకు మాఱెను. 1858 చివర అనారోగ్యముచేత సెలవుపై డార్జిలింగు చేరి, అక్కడను ఊరకుండక హిమాలయపు పక్షులను పరిశీలించెను. గవర్నరు జనరలు కానింగు ప్రభువు ఆదరముచేత గ్రంథరచనకు అవకాశము లభించినది. 1862 నుండి 1864 వఱకు భారతదేశపు పక్షులను గుఱించిన మహాగ్రంథము వెలువడినది. వెయ్యి జాతుల వర్ణన యందు గలదు. దేశమున ఏ మూలనున్నవాడైనను చేతిలో పట్టుకొని పక్షిని పోల్చుకొనుటకు పనికివచ్చిన తొలిపుస్తకమదియే. 1867లో క్షీరదముల గ్రంథము వచ్చినది. సరీసృపముల గ్రంథము ఆయన కన్నులారా చూచుకొనలేకపోయెను. 1868లో ఉద్యోగము విరమించెను. అస్సాములో సంచరించుచుండగా జ్వరము పట్టి, ఆరోగ్యము క్షీణించి, 1870లో స్వదేశమునకు మరలెను. 1872 జూను 12వ తేదీన లండను సమీపమందలి అప్పర్ నార్‌వుడ్‌లో మరణించెను. వయస్సు అఱువదియేండ్లు.

భారతదేశపు జంతువులనన్నింటిని వరుసగా వర్ణించు గ్రంథమాల యొకటి ఉండవలెనని తలపెట్టినవారిలో జెర్డన్ ముఖ్యుడు. ఆయన పోయిన తరువాత 1880 దశాబ్దిలో అది యారంభమైనది. అందు చీమల సంపుటమును బింగ్హాం అను సైనికోద్యోగి వ్రాసి 1903లో ప్రకటించెను. దుముకుచీమ అందు తన స్థానమున నున్నది.

ఆ చీమ లోపలి సంసారము జెర్డనుకు తెలియదు. తెలియుటకు ఆ కాలమున వీలును లేదు. నేలలో అది కట్టుకొను గది సామాన్యమైనది కాదు. వానసీమ గనుక నీరు చొరకుండ గది చుట్టును ఖాళీ విడిచి, లోపలి గోడకు తమ పిల్లల పట్టుగూళ్ల ముక్కలను కాగితమువలె అతికించునని 1994లో పరిశోధకులు ప్రకటించిరి. రాణి చచ్చినచో పనిచీమలు మీసములతో ఒకదానినొకటి కొట్టుకొనుచు దినముల తరబడి పోటీపడును; గెలిచినవి గ్రుడ్లు పెట్టు పదవిని పొందును. పదవి వచ్చిన చీమకు ఆయుర్దాయము నెలలనుండి సంవత్సరములకు పెరుగును, మెదడు మాత్రము సుమారు ఐదవ వంతు తగ్గును! అట్టిదానిని పదవినుండి దింపినచో మెదడు మరల పూర్వస్థితికి వచ్చునని 2021లో తెలిసినది. ఇట్టి వింతలవలన దేశదేశముల ప్రయోగశాలలలో దీనిని పెంచుచున్నారు. 2010లో చీమల జన్యుక్రమమును మొట్టమొదట సంపూర్ణముగా చదివినపుడు అందుకై యెన్నుకొన్న రెండు జాతులలో నొకటి అమెరికా ఫ్లోరిడాది. రెండవది మద్రాసు పత్రికలో పేరు పొందిన హార్పెగ్నేథస్ సాల్టేటర్.